కొత్తగా సంఘం చేపట్టే తమ్ముడికి

కర్నూలు

ప్రభువునందు ప్రియమైన తమ్ముడికి వందనాలు.

ఆదోని పక్క సంఘానికి నిన్ను పాస్టరుగా వేశారని తెలిసింది. ప్రసంగం గురించి ఏమీ రాయను, అది నీకు వచ్చు. ప్రసంగం బాగోలేదని సంఘం చీలడం తక్కువ. మందలించిన తీరు వల్ల, కానుకల లెక్క వల్లనే ఎక్కువగా చీలుతుంది.

పేరు చెప్పకుండా మైకులో ఒకరిని ఉతికేయడం మన వైపు అయ్యగార్లలో చాలామందికి ఉన్న జబ్బు. నలభై గడపల ఊళ్లో పేరెందుకు? ముందు చాప మీద కూర్చున్న పిల్లలకు కూడా ఎవరో తెలిసిపోతుంది. ఆ మనిషి మానేస్తాడు, తర్వాత అన్నదమ్ములు, వియ్యంకులు మానేస్తారు, కొన్నాళ్లకు ఇంకో పందిరి లేస్తుంది. తప్పు చేసినవాణ్ణి మందలించడానికి మత్తయి 18:15-17లో వరస ఉంది, దాన్ని తిరగేయకు. ముందు ఒక్కడివే పో. తాగి ఉన్నప్పుడు వద్దు, పనికి పోయే తొందరలో వద్దు. "నాకీ మాట వచ్చింది, నిజమేనా అన్నా?" అని అడిగి, అతను చెప్పేది చివరిదాకా విను. వినకపోతే ఇద్దరిని తీసుకుపో. వాళ్లలో ఒకరు అతను గౌరవించే మనిషై ఉండాలి. అవతలి వర్గం వాణ్ణి వెంటబెట్టుకొని పోతే అది కట్టమీద పంచాయితీ అవుతుంది. ఆ తర్వాతే కమిటీ.

తప్పు చేసినవాళ్లకు బల్ల, అంటే ప్రభువు రాత్రి భోజనం, ఆపాల్సి వస్తే ఒక్కడివే ఆపకు. కారణం, ఎన్ని నెలలు, మధ్యలో ఎవరు పోయి మాట్లాడతారు, మళ్లీ ఏ తేదీన చూస్తారు, ఈ నాలుగూ మినిట్సు పుస్తకంలో రాయించు. గడువు లేకుండా ఆపితే వెలి వేసినట్టే. పిల్ల ఎవరితోనో వెళ్లిపోయిందని తల్లిదండ్రులకు బల్ల ఆపేవాళ్లున్నారు. ఆ ఇంటికి అప్పుడు కావాల్సింది నువ్వు పోయి కాసేపు కూర్చోవడం.

ఒక్క సంగతిలో మాత్రం ఈ వరస పనికిరాదు. చిన్నపిల్లల మీద లైంగిక నేరం అని తెలిస్తే రాజీలు, ప్రార్థనలో సర్దుకోవడాలు వద్దు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, దాస్తే అదీ నేరమే. నిందపడ్డది సంఘపెద్ద మీదైనా, నీ తోటి సేవకుడి మీదైనా అంతే.

ఇక డబ్బు. కానుక సంచి నీ ఇంటికి రానివ్వకు, భద్రం కోసమైనా సరే. ఆరాధన అయిన వెంటనే, జనం ఇంకా ఉండగానే, చుట్టరికం లేని రెండిళ్ల మనుషులు లెక్కపెట్టాలి. ఏ నోటు ఎన్ని అని చీటీ రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. సోమవారం బ్యాంకులో పడాలి. చెక్కు మీద రెండు సంతకాలుండాలి, ఆ రెండూ ఒకే ఇంటివి కాకూడదు. నెల మొదటి ఆదివారం జమాఖర్చు గోడకు అంటించు. పాత సంఘాల్లో దొంగతనం కంటే చేబదుళ్లే ఎక్కువ చెడగొట్టాయి. పెద్దాయన ఐదు వేలు అడుగుతాడు, కాదనలేక ఇస్తావు, ఆపైన ఆయన తప్పు చేసినా నీకు నోరు లేవదు. "కమిటీని అడగాలన్నా" అనడం మొదటి నెలలోనే అలవాటు చేసుకో.

కమిటీ అంతా ఒకే గేరివాళ్లైతే (ఒకే వాడవాళ్లైతే) రెండో గేరివాళ్లు కానుక వేస్తారు కానీ సంఘం తమదనుకోరు. అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు రోజూ పంచేదాంట్లో అన్యాయం జరిగిందని సణుగుడు లేచింది. అప్పుడు ఎన్నుకున్న ఏడుగురి పేర్లు చూడు: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు... అన్నీ గ్రీకు పేర్లే. సణిగినవాళ్ల నోరు మూయించలేదు, బాధపడ్డ పక్కవాళ్ల చేతికే పని అప్పగించినట్టుంది. నువ్వూ అదే చెయ్యి, ఆడవాళ్లను కూడా ఇద్దరినైనా పెట్టు.

జనరల్ బాడీ జనవరి, ఫిబ్రవరిలో పెట్టకు. ఆ నెలల్లో సగం ఊరు సుగ్గికి (వలస కూలికి), గుంటూరు మిరపకోతలకు పోయి ఉంటుంది. అప్పుడు ఎన్నిక పెడితే ఊళ్లో మిగిలిన నాలుగిళ్లదే రాజ్యం. ఉగాదికి అందరూ వచ్చాక పెట్టు. తిరిగొచ్చినవాళ్లను మూడు నెలల దశమభాగం ఏదని అడగబోకు. పిల్లల బడి సంగతి, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరిందా లేదా అన్నది అడుగు.

చిన్నవనిపించినా చేయకూడని సంగతులు కూడా ఉన్నాయి. ఊరి పెద్దమనిషి వస్తే ముసలమ్మను లేపి కుర్చీ వేయించడం (ధనవంతుడికి మంచి చోటిచ్చి పేదవాణ్ణి తక్కువ చేయొద్దనే యాకోబు 2 చదివిన ఆదివారమే వేస్తారు, అదీ వింత). కూలికి పోయే అరవై ఏళ్లాయన్ని "రా, పో" అనడం. విధవరాలింటికి ఒంటరిగా ప్రార్థనకు పోవడం. మీ ఆవిడనో, స్త్రీల సమాజం పెద్దామెనో తోడు తీసుకుపో, తలుపు తెరిచే ఉంచు.

మొదటి మూడు నెలలు పాత పద్ధతులు దేన్నీ మార్చకు, పైన చెప్పిన కానుకల లెక్క తప్ప. చేరిన రోజే పాత కోశాధికారి దగ్గర పుస్తకాలు తీసుకునేటప్పుడు ఆఖరి నిల్వ కింద ఇద్దరి సంతకాలు, తేదీ పెట్టించుకో. పాస్‌బుక్కులో అంకె దానితో కలవకపోతే ఎవర్నీ నిందించకుండా తేడా ఎంతో ఆ పేజీలోనే రాసి, వచ్చే కమిటీలో చదివి వినిపించు.

మీ అన్న