గంజాయి గింజలు నానబెట్టినా నేరమేనా?

ప్రశ్న: ఇంజినీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాను. విదేశం నుంచి వచ్చిన ఫ్రెండ్ ఒకడు పది గంజాయి గింజలున్న చిన్న ప్యాకెట్ ఇచ్చాడు. తడి టిష్యూ పేపర్‌లో మడిచి పెడితే మొలకలొస్తాయని వీడియోల్లో చూశాను. నాకు తాగే అలవాటు లేదు. మొక్క ఎలా పెరుగుతుందో చూడాలని ఆసక్తి, అంతే. గింజలు ఉంచుకుంటే నేరం కాదని, కిలో లోపు అయితే పెద్ద కేసు కాదని రూమ్మేట్స్ అంటున్నారు. రెండు మూడు మొలకెత్తించి కుండీలో పెట్టుకుంటే ఇబ్బంది ఉంటుందా? త్వరలో పై చదువులకు విదేశం వెళ్లాలి.

జవాబు: మీ రూమ్మేట్స్ చెప్పిన మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండో మాట పూర్తిగా తప్పు.

నిజమున్న సగం ముందు చూద్దాం. మాదకద్రవ్యాలను నియంత్రించే 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం గంజాయి అంటే ఏమిటో రెండో సెక్షన్‌లోనే చెప్పింది. మొక్క పూత, కాయ ఉన్న కొసలే గంజాయి. ఆ కొసలు లేకుండా విడిగా ఉన్న గింజలు, ఆకులు అందులోకి రావు. హెంప్ (గంజాయి జాతి మొక్క) గింజలను, వాటి నూనెను ఆహారంగా అమ్ముకోవడానికి ఆహార భద్రతా సంస్థ 2021లో అనుమతి ఇవ్వగలిగింది కూడా అందుకే. కాబట్టి మీ ప్యాకెట్‌లో పొడిగా ఉన్న పది గింజలు గంజాయి కావు.

కానీ అదే సెక్షన్‌లో ఆ వెంటనే ఇంకో నిర్వచనం ఉంది. కానబిస్, అంటే గంజాయి ప్రజాతికి చెందిన ఏ మొక్క అయినా 'కానబిస్ మొక్క'. ఇంత ఎత్తుండాలని గానీ, పూత పూయాలని గానీ, మత్తు పదార్థం ఇంత శాతం ఉండాలని గానీ షరతు లేదు. ఆడ మొక్క, మగ మొక్క తేడా కూడా లేదు. ఆ మొక్కను సాగు చేయకూడదని 8వ సెక్షన్ అంటుంది. చేస్తే పదేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా అని 20వ సెక్షన్‌లోని (ఎ) భాగం, అంటే 20(ఎ) చెబుతుంది.

టిష్యూలో తెల్లటి వేరు మొలిచినంత మాత్రాన అది సాగు అవుతుందా? 'సాగు' అనే మాటకు ఈ చట్టంలో నిర్వచనం లేదు. మీ తరఫున నిలబడితే నేనూ ఆ పాయింటే వాదిస్తాను: మట్టి లేదు, కుండీ లేదు, ఇది సాగెలా అవుతుందని. అయితే అవతలి వకీలు 28వ సెక్షన్ తీస్తాడు. నేరం చేసే దిశగా ఏ పని చేసినా అది ప్రయత్నమే, ప్రయత్నానికీ అసలు నేరానికీ శిక్ష ఒకటే. పైగా మీ ఉద్దేశం కుండీలో పెట్టడమేనని నాకు రాసిన ప్రశ్నలోనే ఉంది. ఇలాంటి మాటలే ఫోన్ చాట్‌లో ఉంటే ప్రాసిక్యూషన్‌కు వేరే సాక్షి అక్కర్లేదు.

ఇక కిలో లెక్క. చిన్న పరిమాణం అంటే కిలో, వాణిజ్య పరిమాణం అంటే ఇరవై కిలోలు. ఈ కొలతలు తెంపి పెట్టుకున్న గంజాయికి, అంటే 20(బి)కి సంబంధించినవి. సాగు గురించి చెప్పే 20(ఎ)లో బరువు ప్రస్తావనే లేదు. ఒక కుండీ అయినా, ఎకరం పొలమైనా సెక్షన్ ఒకటే. ఎంత శిక్ష వేయాలన్న దగ్గర జడ్జి గారు తేడా చూస్తారు, కానీ కేసు మాత్రం కేసే.

సరదాగా చేశాను, తాగను అనే వాదన కూడా అనుకున్నంత బలమైనది కాదు. మామూలు క్రిమినల్ కేసులో దురుద్దేశాన్ని పోలీసులు రుజువు చేయాలి. ఇక్కడ 35వ సెక్షన్ ప్రకారం ఉద్దేశం ఉన్నట్టే కోర్టు భావిస్తుంది, లేదని సందేహానికి తావు లేకుండా మీరే చూపించాలి. సుప్రీంకోర్టు అలఖ్ రామ్ కేసులో ముద్దాయిని వదిలేసిన మాట వాస్తవమే. అక్కడి మొక్కలు వాటంతటవే మొలిచి ఉండొచ్చు, అతనే పెంచాడనడానికి రుజువు లేదు. హాస్టల్ గది కిటికీలో ఉన్న ప్లాస్టిక్ కుండీకి ఆ వాదన ఎలా సరిపోతుంది? (మరో మాట. గోగు ఆకు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. ఆ పోలిక వల్లే దాని శాస్త్రీయ నామం హైబిస్కస్ కానబినస్ అయింది. అందుకే ఆకు ఆకారం ఒక్కటి చూసి శిక్ష వేయరు, ల్యాబ్ రిపోర్టు కావాల్సిందే.)

మీరు అడగలేదు గానీ, నేను ఎక్కువ భయపడేది మీ రూమ్మేట్స్ గురించే. తమ ఆధీనంలో ఉన్న ఇంటినో గదినో ఇలాంటి నేరానికి తెలిసి వాడుకోనిస్తే, వాళ్లకూ అదే శిక్ష అని 25వ సెక్షన్ అంటుంది. ఓనరే కానక్కర్లేదు, ఆ గదిలో ఉంటున్నవాళ్లు చాలు. రోజూ మీ కుండీకి నీళ్లు పోసే ఫ్రెండ్ నాకేం తెలియదంటే ఎవరూ నమ్మరు.

మీరు చూసిన వీడియోలు బహుశా కెనడావో జర్మనీవో అయి ఉంటాయి. కెనడాలో 2018 నుంచి చాలా ప్రావిన్సుల్లో ఇంటికి నాలుగు మొక్కలు, జర్మనీలో 2024 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లు తలా మూడు మొక్కలు పెంచుకోవచ్చు. మన దగ్గర 10, 14 సెక్షన్ల కింద ప్రభుత్వాలు అనుమతి ఇవ్వగలవు. ఉత్తరాఖండ్ నార కోసం, గింజ కోసం పెంచే హెంప్‌కు లైసెన్సులు ఇచ్చింది కూడా. అది రైతులకు, మత్తు శాతం తక్కువుండే రకాలకు. ఆసక్తి కోసం గదిలో పెంచుకుంటామంటే ఇచ్చే లైసెన్స్ లేదు.

కేసంటూ పడితే ఏమవుతుందో కూడా చెప్పాలి. వాణిజ్య పరిమాణం కాదు కాబట్టి 37వ సెక్షన్ కఠిన షరతులు అడ్డు రావు, బెయిల్ దొరికే అవకాశం బాగానే ఉంటుంది. అయితే స్టేషన్ బెయిల్ కాదు, కోర్టుకు వెళ్లాలి. నేరం రుజువైతే, మొదటి తప్పు కదా, కుర్రాడు కదా అని ప్రొబేషన్ మీద, అంటే జైలుకు పంపకుండా మంచి నడవడిక షరతుతో వదిలే వెసులుబాటును ఈ చట్టం 33వ సెక్షన్‌తో మూసేసింది. సొంతంగా సేవించిన కేసుల్లాంటి కొద్దిపాటి మినహాయింపులు పక్కనపెడితే, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు అది దొరకదు. ట్రయల్ నడుస్తున్నంతకాలం పాస్‌పోర్టుకు, విదేశీ ప్రయాణానికి కోర్టు అనుమతి కోసం తిరగాలి. వీసా ఫారంలో క్రిమినల్ కేసులున్నాయా అనే గడి దగ్గర పెన్ను ఆగిపోతుంది.

ఆ ప్యాకెట్ వచ్చిన దారి కూడా సరైనది కాదు. 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం నాటుకునే విత్తనమేదైనా బయటి దేశం నుంచి తేవాలంటే పర్మిట్, ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (తెగుళ్లు, పురుగులు లేవనే ధ్రువపత్రం) కావాలి. కాబట్టి ఇంకో ప్యాకెట్ తెమ్మని గానీ, ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేయడం గానీ వద్దు. ఇప్పుడున్న గింజలను నానబెట్టకండి, ఎవరికీ పంచకండి. ఈ ప్రశ్న పంపేలోపే టిష్యూ తడిపేసి ఉంటే మాత్రం ఇక్కడ రాయకండి, ఫోన్‌లో ఎవరికీ మెసేజ్ పెట్టకండి. దగ్గర్లోని క్రిమినల్ లాయర్‌ను స్వయంగా కలిసి జరిగింది జరిగినట్టు చెప్పండి. లాయర్‌కు మీరు చెప్పే మాటలకు చట్టంలో రక్షణ ఉంది, వాట్సాప్ గ్రూపులో పెట్టే మాటలకు లేదు.