ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్)లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ గీజర్ (వేడినీళ్ళు చిమ్మే బుగ్గ) డేటాతో కట్టిన మోడల్‌లో 4 పెడితే −1.57 ఎందుకొస్తోంది?

మీరు ఎక్స్ (మనకి తెలిసింది), వై (కనుక్కోవాల్సింది) తిరగేశారండీ. ఎల్లోస్టోన్‌లోని ఈ గీజర్ 4 నిమిషాలు చిమ్మాక మళ్ళీ ఎప్పుడు చిమ్ముతుందో కావాలంటే ఫార్ములాలో టిల్డా (~) గుర్తుకి ఎడమవైపు వెయిటింగ్ (మళ్ళీ చిమ్మేదాకా ఆగాల్సిన నిమిషాలు) ఉండాలి, మీరేమో ఎరప్షన్స్ (చిమ్మిన నిమిషాలు) పెట్టారు, అందుకే ఆ మైనస్ 1.57.

1. ఆర్‌లో ఎల్ఎం (సరళరేఖ మోడల్ కట్టే ఫంక్షన్) లోపల వెయిటింగ్ టిల్డా ఎరప్షన్స్ అని మార్చి రన్ చేయండి. ఇంటర్‌సెప్ట్ (ఎక్స్ సున్నా అయితే వచ్చే విలువ) 33.47, స్లోప్ (ఎక్స్ ఒక నిమిషం పెరిగితే పెరిగేది) 10.73 వస్తాయి.

2. 33.47 + 10.73 × 4, అంటే దాదాపు 76 నిమిషాలు.

3. చాలామంది ఇక్కడే ఆపేస్తారు, కానీ ప్రెడిక్ట్ (అంచనా ఇచ్చే ఫంక్షన్)లో ఇంటర్వల్‌ని ప్రెడిక్షన్ అని పెట్టాలి, కాన్ఫిడెన్స్ పెడితే సగటుకి రేంజ్ ఇస్తుంది, ఇరుగ్గా ఉంటుంది, చూసి మురిసిపోతాం (నేనూ మురిశాను లెండి). ప్రెడిక్షన్ అయితే రాబోయే ఆ ఒక్కసారికి రేంజ్ ఇస్తుంది, 95 శాతానికి సుమారు 65 నుంచి 88 నిమిషాలు. అదీ అసలు జవాబు.