డెంగీ తగ్గిన మేనకోడలికి అత్త ఉత్తరం

అమ్మడూ,

మీ నాయన ఫోన్ చేసి అంతా చెప్పినాడు. డెంగీ తగ్గి నెల తిరక్కముందే శనివారం అలిపిరిలో మెట్లెక్కబోయి, గాలిగోపురం దాకా కూడా పోలేక, దిగొచ్చి చిత్తూరు బస్సెక్కినావంట. ఆ రోజు నుంచి పొద్దున్నే లేవడం లేదు, సాయంత్రమైతే బజ్జీలు, పునుగులు. పోయినేడు ఇవే 3,550 మెట్లు ఎక్కి కొండ మీద నుంచి నాకు ఫోన్ చేసిన పిల్లవి నువ్వు. నీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసమ్మా.

నాకు కాలు విరిగినప్పుడు ఆరు వారాలు కట్టు వేసినారు గుర్తుందా? కట్టు విప్పిన రోజు ఎడమ పిక్క చూసి ఏడుపొచ్చింది. చర్మం పొట్టులాగా రాలుతోంది. టేపు పెట్టి కొలిస్తే కుడికాలి పిక్క కంటే అంగుళం తక్కువ. అయినా నా తలలో పాత లెక్కే ఉంది, రోజూ గంట నడిచేదాన్ని కాబట్టి గంట నడవాల్సిందే అని. మూడో రోజుకు మోకాలు వాచి, మళ్లీ పది రోజులు మంచం మీదే. నీ ఒళ్లు ఇప్పుడు ఆ పిక్కలాంటిదే, పైకి కనబడదు అంతే. జ్వరంలో తిండీ కదలికా లేక కండ కరిగిపోతుంది. డెంగీ తర్వాత నీరసం వారాల తరబడి ఉంటుంది. దాన్ని బద్ధకం అనుకుని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు.

ముందు డాక్టరుకు రిపోర్టులు చూపించి, నడవొచ్చా అని అడుగు. సరే అంటే చదునైన నేల మీద పది నిమిషాలు పొద్దున, పది నిమిషాలు సాయంత్రం, అంతే. ఇంకా ఓపిక ఉందనిపించినా ఆపెయ్. మరుసటి రోజు పొద్దున లేచినప్పుడు ఒళ్లు ఎట్లుందో చూసుకో. తేలిగ్గా ఉంటే నాలుగు రోజులకోసారి ఐదు నిమిషాలు పెంచు, బరువుగా ఉంటే అంతకే ఉంచు. వారానికి కనీసం 150 నిమిషాలు వడిగా నడవడంలాంటి వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్కకు చేరడానికి నీకు రెండు నెలలు పట్టినా పరవాలేదు. నడుస్తుంటే గుండె దడదడలాడినా, కళ్లు తిరిగినా ఆ రోజుకు చాలు. మళ్లీ మళ్లీ అట్లే అయితే డాక్టరు దగ్గరికి పో.

రెండో వారం నుంచి కుర్చీలో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడు. ఐదుసార్లతో మొదలుపెట్టు. ఆ తర్వాత మీ మేడ మెట్లు. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాలి మీద భారం. అందుకే గోడ పట్టుకుని నిదానంగా దిగు.

కొండ సంగతి ఒకటి చెప్తాను. అలిపిరి దారిలో గాలిగోపురం దాకా ఉండేదే బాగా నిట్టనిలువు, ఆ పైన చాలాదూరం చదునే. నువ్వు కూలబడింది కష్టమైన చోటే. దూరం తక్కువ కదా అని శ్రీవారి మెట్టు వైపు పోదామనుకుంటావేమో, వద్దు. అక్కడ 2,388 మెట్లే అయినా ఊపిరి తీసుకునే చదును తక్కువ.

తిండి దగ్గర నాకు గట్టి అభిప్రాయమే ఉంది. బరువు తగ్గాలని పూటలు మానెయ్యడం నీకిప్పుడు కూడదు. పోయిన కండ తిరిగి రావాలంటే ప్రొటీన్ కావాల. రోజుకు రెండు గుడ్లు తింటే పన్నెండు గ్రాములు వస్తుంది. ఉలవలు రాత్రి నానబెట్టి, పొద్దున ఉడికించి, ఆ నీళ్లతో చారు పెట్టి గుగ్గిళ్లు తిను. చెనక్కాయలు గుప్పెడు చాలు, నూనెలో వేయించొద్దు. రాగి సంగటి మంచిదే, 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 340 మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. కానీ రెండు ముద్దలు తిని అన్నం మానేశాననుకుంటే లాభం లేదు, అదీ పిండిపదార్థమే. ముద్ద నీ పిడికిలంత చేసుకుని, పప్పూ ఆకుకూరా దానికి రెండింతలు వేసుకో. బజ్జీలు వారానికొకసారి, ఇంట్లో చేసుకుని, నలుగురితో కలిసి తిను. వంటరిగా, దిగులుతో తింటేనే చేటు. ఒకరోజు తప్పినా మరుసటి పూట మామూలుగా తిను, పస్తుండొద్దు.

అనపకాయలు సంతలోకి వచ్చినాయి. ఆదివారం తిరుపతికి రా. రాత్రే గింజలు నానబెట్టి ఉంచుతాను. ఇద్దరం వాకిట్లో కూర్చుని పితికి పప్పు చేద్దాం. సాయంత్రం కపిలతీర్థం దాకా నడిచి పోదాం, వచ్చేటప్పుడు ఆటో ఎక్కుదాం. మంచి బూట్లు వేసుకుని రా, ఆ చెప్పులు వద్దు.

మీ అత్త