ఆయన తల మీద కిరీటం పెట్టకమ్మా

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. రెండోసారి కోపంతోనే చదివాను. 1518లో గోల్కొండలో కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీకి పట్టాభిషేకం, రత్నకిరీటం, భేరీలు, జయజయధ్వానాలు! ఇదంతా ఎక్కడ దొరికిందమ్మా నీకు?

సుల్తాన్ కులీ పేరులోని ‘సుల్తాన్’ బిరుదు కాదు, పేరులో భాగం. కులీ అంటే తుర్కీలో సేవకుడు. హమదాన్ ప్రాంతపు తుర్కమాన్. కారా కొయున్లు, అంటే నల్లగొర్రెల తెగ ఏలికల వంశం. తెల్లగొర్రెల తెగ ఆ రాజ్యాన్ని కూల్చాక దక్కనుకు వచ్చి, బీదరులో బహమనీల కొలువులో చేరాడు. కత్తి పట్టి ఎదిగి, కుతుబ్ ఉల్ ముల్క్ బిరుదుతో తెలంగాణ మీద అధికారం సంపాదించాడు.

గోల్కొండ కోటలో బాలాహిసార్ ద్వారం దగ్గర ఆయన కట్టించిన మసీదుకు 1518 నాటి శాసనం ఉంది. నలభై ఏళ్ల కిందట దాని ముందు నిలబడ్డాను. ఆ లిపి నాకు రాదు. పాతబస్తీలో ఉర్దూ చెప్పే ముసలి మాస్టారిని బతిమాలి బస్సులో తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని, వేలితో గాలిలో అక్షరాలు దిద్దుకుంటూ చదివి, ఒకచోట ఆగారు. ప్రభువు పేరు మహమూద్ షా బహమనీ. ‘మరి మనవాడు?’ అన్నాను. ‘కట్టించినవాడు, అంతే’ అన్నారు.

ఆ ‘అంతే’ నన్ను ఏళ్ల తరబడి వదలలేదు. దాని మీద కథ రాసి ఒక వారపత్రికకు ఇస్తే, సంపాదకుడు శాసనం సంగతి కొట్టేసి ఒక నర్తకిని పెట్టమన్నాడు. పెట్టలేదు. కథ ఆరేళ్లు అట్టపెట్టెలో ఉండిపోయింది. చారిత్రక రచన అంటే అంతఃపుర సుందరి, కత్తియుద్ధం అని పాఠకులు ఎప్పుడూ అనలేదు. అన్నది సంపాదకులే. నీ కిరీటంలో వాళ్ల చెయ్యి కనబడుతోంది నాకు.

కోట తనది, సైన్యం తనది. మహమూద్ షా పోయాక మరో పాతికేళ్లు ఏలాడు. అయినా సమాధి మీద ‘బడే మాలిక్’ అనే ఉంది, పాదుషా అని లేదు. ఎందుకు? విధేయతా, జంకా, లెక్కా? నువ్వు తవ్వాల్సింది అక్కడ. 1543లో మసీదులో నమాజులో ఉండగా, కన్నకొడుకు జంషీద్ పురికొల్పిన చేతులు ఆయన్ని చంపాయి. కిరీటం పెట్టుకోని ముసలివాడి చావు అది. ఆ బరువు నీ రత్నాల కింద నలిగిపోయింది.

యువరాజు కుతుబుద్దీన్ కళ్లు పొడిపించిన రాత్రి దీపం ఎవరు ఆర్పారో రాశావే, అది బాగుంది. ఇంకో కొడుకు ఇబ్రహీంను మాత్రం ఇప్పుడే తేకు. విజయనగరంలో రామరాయల దగ్గర తలదాచుకుని, తిరిగి వచ్చి, మన కవుల నోట మల్కిభరాముడైనవాడు. ఆయనకు వేరే నవల కావాలి.

ప్రచురణకర్తల సంగతి ఇప్పుడు వద్దు. ముందు గోల్కొండ వెళ్లు. పొద్దున్నే వెళ్లు. నడినెత్తి ఎండలో రాతి మీద అక్షరాలు కనబడవు, వెలుగు ఏటవాలుగా పడాలి. చదివిపెట్టేవాళ్లను వెంట తీసుకెళ్లు. వచ్చాక మొదటి అధ్యాయం మళ్లీ రాసి పంపు.