గెడ్డ దాటే బండికి ఏ టైర్లు?

ప్రశ్న (మందస నుంచి ఒక పాఠకుడు): నమస్కారమండి. నాలుగు నెలల కిందట సెకండ్ హ్యాండ్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ జిమ్నీ తీసుకున్నాను. టైర్లు కంపెనీ ఇచ్చినవే, అరుగుదల చివరికొచ్చాయి. ఆదివారం తప్ప రోజూ పలాస వెళ్ళి వస్తాను, వారానికి రెండుసార్లు కొండ కింద ఉన్న మా జీడి తోటకి వెళ్తాను. ఆ దారిలో ఒక గెడ్డ ఉంది, అవతల ఎర్రమట్టి ఎత్తు. మొన్నటి వానలకి ఆ ఎత్తు ఎక్కలేక బండి పక్కకి జారిపోతే ట్రాక్టర్‌తో లాగించాల్సి వచ్చింది. టైర్ల షాపులో 235/75 ఆర్15 సైజు మడ్ టైర్లు వేయించేయమంటున్నారు, మా బావమరిదిది కూడా అదే మాట. ఇంట్లో ఆవిడేమో నాన్నగారిని ఆస్పత్రికి తీసుకెళ్ళే బండి, అంత సౌండ్ వస్తే ఎలా అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: 235 వద్దండి, మడ్ టైర్లు కూడా వద్దు. మీకు సరిపోయేది 215/75 ఆర్15 సైజులో ఆల్ టెర్రైన్ టైరు, అంటే తారుకీ మట్టికీ రెంటికీ పనికొచ్చేది, షాపువాళ్ళు ఏటీ అంటారు, స్టెప్నీతో కలిపి ఐదూ ఒకేసారి వేయించండి. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, లేకపోతే రేపు షాపులో కూర్చున్నాక పక్కనున్నవాళ్ళు మళ్ళీ మీ మనసు మార్చేస్తారు.

ఇప్పుడు మీ బండికి ఉన్నవి హైవే టైర్లు, అంటే హెచ్‌టీ. గీతలు సన్నగా, దగ్గరగా ఉంటాయి, తారు రోడ్డు మీద మెత్తగా, నిశ్శబ్దంగా పోతాయి. మడ్ టైరు, అంటే ఎంటీ, ట్రాక్టర్ టైరుకి తమ్ముడనుకోండి. పెద్ద పెద్ద బటన్లు, మధ్యలో వేలు దూరేంత ఖాళీ. బురదలో ఆ ఖాళీల్లోకి మట్టి దూరుతుంది, చక్రం తిరిగే ఊపుకి అది బయటికి ఎగిరిపోతుంది, మళ్ళీ కొత్త పట్టు దొరుకుతుంది. బురద వరకూ దానికి సాటి లేదు, ఆ మాటకొస్తే మీ బావమరిది చెప్పింది తప్పేం కాదు. కానీ ఆ ఖాళీయే తడిసిన తారు రోడ్డు మీద మనకి శత్రువు. ఖాళీ పెరిగితే రోడ్డుని తాకే రబ్బరు తగ్గుతుంది, నీటిని చీల్చి రోడ్డుని పట్టుకునే సన్నటి చీలికలు కూడా ఆ బటన్లలో తక్కువ, అందుకే బ్రేకు తొక్కాక బండి ఇంకాస్త దూరం పోయి గానీ ఆగదు. జూన్ నుంచి అక్టోబర్ దాకా మన 16వ నంబర్ హైవే ఎన్ని రోజులు తడిగా ఉంటుందో మీకు నేను చెప్పాలా? టెక్కలి వైపు గ్రానైట్ దిమ్మలేసుకుని పోయే లారీ మీ ముందు ఒక్కసారిగా ఆగితే, బండిలో నాన్నగారు కూర్చుని ఉంటే, అప్పుడు కావలసింది బురద పట్టు కాదు. మీ వారంలో ఆరు రోజులు తారు రోడ్డు, తోట దారి రెండు పూటలు. టైరు ఆ ఆరు రోజుల కోసం కొనండి, ఆ రెండు పూటలకి ఏం చెయ్యాలో కింద చెబుతాను.

అసలు ఆ ఎత్తు మీద ఏం జరిగిందో నాకు బాగా తెలుసు. వాన వెలిసిన ఒక సాయంత్రం ఇలాంటి ఎత్తు దగ్గరే ఇరుక్కుని, దిగి నా బండి టైరు చూశాను. ఒక్క గీత కనపడలేదు. ఎర్రమట్టి గీతల్లోకి మెత్తుకుపోయి, పైన నున్నగా, కుమ్మరి సారె మీద తడి మట్టిలా మెరుస్తోంది. స్క్రూడ్రైవర్‌తో ఒక గీతలోంచి పెకిలిస్తే చిటికెన వేలంత లావున తాడులాగా ఊడొచ్చింది. అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందుతోంది, కానీ ఆ నాలుగూ టైర్లు కావు, నున్నటి రోలర్లు. ఏటీ టైరుకి గీతలు వెడల్పు, లోతు ఎక్కువ కాబట్టి ఇంత త్వరగా పూడిపోదు. బంకమట్టి మరీ ఎక్కువైతే అదీ పూడుతుంది, అది ముందే తెలిసి ఉండాలి.

అందుకే టైరు మార్చినంత మాత్రాన సరిపోదు, ఎక్కే పద్ధతి కూడా మార్చుకోవాలి. గెడ్డకి ఇవతల, గట్టి నేల మీదే బండి ఆపండి. డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద రాసిన గాలి ఎంతో చూసి దానికన్నా ఐదారు పాయింట్లు దింపండి. గాలి తగ్గితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది. జిమ్నీలో 4హెచ్, అంటే మామూలు వేగంలో నాలుగు చక్రాలకీ బలం ఇచ్చేది, నడుస్తూ కూడా పడుతుంది గానీ 4ఎల్, అంటే నెమ్మదిగా ఎక్కువ బలంతో లాగేది, పడాలంటే బండి పూర్తిగా ఆగాలి, అందుకే ఎత్తు సగంలో జారుతున్నప్పుడు లీవర్‌తో కుస్తీ పట్టడం కాదు, కిందే వేసుకోవాలి. రెండో గేర్లో ఒకే వేగంతో, యాక్సిలరేటర్ ఎగదొయ్యకుండా ఎక్కండి. జారడం మొదలైతే స్టీరింగ్ పెద్దగా తిప్పొద్దు, నెమ్మదిగా అదే దారిన వెనక్కి దిగి మళ్ళీ ప్రయత్నించండి. ఇంకొకటి, గెడ్డలో నీళ్ళు మోకాలికి దగ్గరగా ఉన్నాయంటే ఏ టైరు వేసినా దిగొద్దు, ఆ రోజు తోట సంగతి మర్చిపోండి.

ఇక సైజు. మీ టైరు మీద 195/80 ఆర్15 అని ఉంటుంది. 195 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు, 80 అంటే టైరు గోడ ఎత్తు ఆ వెడల్పులో 80 శాతం, అంటే 156 మిల్లీమీటర్లు, 15 అంటే అంగుళాల్లో రిమ్ము. పైన గోడ, కింద గోడ, మధ్యలో రిమ్ము కలిపితే చక్రం ఎత్తు 693 మిల్లీమీటర్లు. ఇదే లెక్కన 215/75 వేస్తే 703 పైచిలుకు, ఒకటిన్నర శాతం పెరిగింది, స్పీడోమీటర్ 80 చూపిస్తే బండి 81 మీద పోతుంది, అంతే తేడా. 235/75 వేస్తే 733 దాటుతుంది, దాదాపు ఆరు శాతం. అప్పుడు మీటర్ 80 అన్నప్పుడు బండి 85కి దగ్గరగా ఉంటుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కీ మడ్‌ఫ్లాప్‌కీ రాసుకుంటుంది, పైగా మీ ఐదున్నర అంగుళాల రిమ్ముకి ఆ వెడల్పు నప్పదు. ఇవన్నీ ఒక ఎత్తు, చాలామంది పట్టించుకోనిది ఇంకొకటుంది. చక్రం పెద్దదైతే ప్రతి గేరూ ఆ మేరకు బరువెక్కినట్టే, లాగే బలం తగ్గుతుంది. ఎత్తు ఎక్కడానికని కొన్న టైరు ఎత్తు మీదే బలం తినేస్తుందన్నమాట! మరి కింద ఖాళీ ఎంత పెరుగుతుందంటే 20 మిల్లీమీటర్లు. దాని కోసం ఇన్ని కష్టాలు అక్కర్లేదు.

215/75 ఆర్15 చెప్పడానికి నా దగ్గర ఇంకో కారణం కూడా ఉంది. అది బొలేరో సైజు. బొలేరో తిరగని ఊరు మన జిల్లాలో లేదు, రాత్రి పూట సోంపేటలోనో పాతపట్నంలోనో టైరు పోతే ఆ సైజు దొరికే అవకాశం ఉంది. ఫ్యాన్సీ సైజు వేసుకున్నవాళ్ళు ఆర్డర్ పెట్టి ఎదురుచూడాలి. ఒక్క జాగ్రత్త, కంపెనీ ఆ బండికి చెప్పిన సైజు కాదు కాబట్టి వేయించే ముందు మీ ఇన్సూరెన్స్ వాళ్ళకి ఒక మాట చెప్పి, వాళ్ళ జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. అదంతా ఎందుకు అనుకుంటే 195/80లోనే ఏటీ దొరుకుతుందేమో అడగండి, అదీ మంచిదే, నేనేం అభ్యంతరం చెప్పను.

ఐదూ ఒకేసారి అన్నానే, అది ఖర్చు పెంచాలని కాదు. మీ బండిది పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్, 4హెచ్ వేస్తే ముందు చక్రాలూ వెనక చక్రాలూ గేర్లతో ఒకదానికొకటి బిగుసుకుంటాయి. ముందు అరిగిన టైర్లు, వెనక కొత్తవి ఉంటే ఒక్కొక్కటీ ఒక్కో దూరం తిరగాలని చూస్తుంది, ఆ ఒత్తిడంతా ముందు, వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె, అంటే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. పొడి తారు రోడ్డు మీద 4హెచ్ వెయ్యొద్దనేది కూడా ఇందుకే. స్టెప్నీ వేరే సైజైతే అది బిగించిన రోజున ఫోర్ వీల్ లేనట్టే లెక్క.

జీడి తోట అన్నారు కాబట్టి మోళ్ళ సంగతి చెప్పకుండా ఉండలేను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకి మన ఉద్దానంలో ఎన్ని తోటలు నేలకొరిగాయో మీకు తెలిసిందే, ఆ తర్వాత కోసిన మోళ్ళు గడ్డిలో దాక్కుని ఇంకా చాలా చోట్ల ఉన్నాయి. అడుగున మేకు దిగితే పంచర్ వేసుకోవచ్చు, పక్క గోడ చీలితే ఆ టైరు పారెయ్యడమే. అందుకని షాపులో పక్క గోడ గట్టిదనం గురించి అడగండి, బొటనవేలితో నొక్కి నాలుగు రకాలు పోల్చి చూడండి. సైజు పక్కన 100ఎస్ లాంటి అక్షరం ఉంటుంది, 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు మోస్తుందని, ఎస్ అంటే 180 కిలోమీటర్ల వేగం దాకా పనికొస్తుందని. మీ పాత టైరు మీది నంబర్ కన్నా తక్కువది మాత్రం తీసుకోవద్దు. బ్రాండ్ అంటారా, పేరున్న నాలుగైదు కంపెనీల్లో దగ్గర్లో దొరికేది చాలు.

మీ ఆవిడకి కూడా చెప్పండి, ఏటీకి కొద్దిగా మోత ఉంటుంది, 60 దాటాక సన్నగా వినపడుతుంది. మడ్ టైరైతే వెనక సీట్లో పెద్దాయనకి మాట వినిపించదు. ఎనిమిది పది వేల కిలోమీటర్లకోసారి టైర్ల స్థానాలు మార్పించి, అలైన్‌మెంట్ చూపించుకుంటే ఆ మోత పెరగకుండా ఉంటుంది. మార్పించని టైరు ఎగుడుదిగుడుగా అరిగి తర్వాత ఎంత గొడవ చేస్తుందో నేను అనుభవించాను.

ప్రశ్న (బారువ దగ్గర్నుంచి): మా రొయ్యల చెరువుల దారి అంతా ఇసుక. ఫోర్ వీల్ వేసినా థార్ కూరుకుపోతోంది. ఇంకా వెడల్పు టైర్లు వేయించమంటారా?

జవాబు: డబ్బు ఖర్చు పెట్టకండి, ముందు గాలి తియ్యండి. ఇసుకలో బండి తేలాలి, దున్నకూడదు. గాలిని 18 పాయింట్ల దాకా, మరీ మెత్తటి ఇసుకైతే 15 దాకా దింపితే అదే టైరు పొడుగ్గా పరుచుకుని ఇసుక మీద కూర్చుంటుంది. అలా దింపాక నెమ్మదిగా పోవాలి, గట్టిగా మలుపు తిప్పకూడదు, తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదం ఉంది. చక్రం ఉన్నచోటే తిరుగుతోందనిపించిన క్షణంలో కాలు తీసెయ్యండి, ఇంకో రెండు చుట్లు తిప్పారంటే బండి కడుపు ఇసుకకి ఆనుతుంది. బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ ఒకటి బండిలో ఉంచుకుని తారు ఎక్కే ముందు మళ్ళీ పూర్తిగా నింపండి. తక్కువ గాలితో హైవే మీద వేగంగా పోతే పక్క గోడ వేడెక్కి పగిలిపోతుంది, దీని దగ్గర బద్ధకించొద్దు. మడ్ టైర్లు మాత్రం ఇసుకకి అస్సలు వద్దు, ఆ బటన్లు గొయ్యి తవ్వుకుంటూ దిగిపోతాయి.

ఇంకో మాట, దగ్గర దారి కదా అని సముద్రం ఒడ్డెంబడి బండి తోలకండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికొస్తాయి. గుడ్ల మీద నుంచి టైరు పోతే పోయినట్టే, పోకపోయినా ఆ టైరు చాళ్ళలో పడిన పిల్ల తాబేలు పైకి ఎక్కలేదు, నీళ్ళ దాకా చేరలేదు. అరచేతిలో సగం కూడా ఉండదది. దయచేసి చెరువు దారినే వెళ్ళండి.

ప్రశ్న (శృంగవరపుకోట నుంచి): పాత థార్ ఉంది, నెలకి నాలుగుసార్లు అరకు ఘాట్ ఎక్కుతాను. టైర్లలో గీతలు ఇంకా బాగానే ఉన్నాయి, మరి మార్చాలా?

జవాబు: గీతలు కాదు, ముందు తేదీ చూడండి. టైరు గోడ మీద డాట్ అనే అక్షరాల వరస చివర నాలుగు అంకెలుంటాయి. 3118 అని ఉంటే 2018లో 31వ వారం, అంటే ఆగస్టు మొదట్లో తయారైందని అర్థం. ఒక వైపే ఉండొచ్చు, కనపడకపోతే లోపలి వైపు టార్చ్ వేసి చూడండి. ఆరేళ్ళు దాటితే గీతలెంత ఉన్నా రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది, బటన్ల మొదట్లో సన్నటి పగుళ్ళు కనిపిస్తాయి, తడిసిన ఘాట్ రోడ్డు మలుపుల్లో అలాంటి టైరుని నేనైతే నమ్మను. గీతల లోతు చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గకూడదు, గీతల మధ్య చిన్న దిమ్మలుంటాయి, టైరు వాటి దాకా అరిగితే పని అయిపోయినట్టే. మీరు ఘాట్ ఎక్కేవాళ్ళు కాబట్టి 3 దగ్గరే మార్చెయ్యండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి, వాడకుండా వెనక డోరుకి వేలాడి ఎండకి ఎండిన టైరుకి కూడా వయసవుతుంది.