ఒడియాలో ఉన్న అంగీకార పత్రం, ఇంప్లాంట్ పరీక్ష

పర్లాకిమిడి సోదరి గారికి నమస్కారం. మీ మరదలిని గర్భనిరోధక ఇంప్లాంట్ పరీక్షలో చేరమన్నారని, అంగీకార పత్రం ఒడియాలో ఉన్నందున తెలుగు మాత్రమే చదవగల ఆమె సంతకానికి జంకుతోందని, మధ్యలో మానుకోవచ్చునా అని అడిగారు.

ఇప్పుడే సంతకం చేయవద్దనండి. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఆమెకు అర్థమయ్యే భాషలోనే వివరించి సమ్మతి తీసుకోవాలి కనుక, తెలుగు ప్రతి అడగడం గొంతెమ్మ కోరిక కాదు. పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక సూదిమందు పరీక్షపై వచ్చిన అభ్యంతరాలు 1986లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి, వాటిలో సమ్మతి విషయం ముఖ్యమైనది.

ఆమె ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే మానుకోవచ్చు. దానివల్ల ఆసుపత్రిలో మామూలు వైద్యం ఆగకూడదు. మీరు వర్ణించిన ఒంటి కడ్డీ రకమైతే, అగ్గిపుల్లంత, నాలుగు సెంటీమీటర్ల కడ్డీని జబ్బ లోపలివైపు చర్మం కింద ఉంచుతారు. తీసేటప్పుడు అక్కడే మత్తిచ్చి చిన్న గాటు పెడతారు. తీశాక సంతాన సామర్థ్యం త్వరగానే తిరిగివస్తుంది. చాలామందిని విసిగించేది వేళాపాళా లేని రక్తస్రావం. దాని గురించి ముందే చెప్పారో లేదో చూస్తే, వారు ఎంత నిజాయితీగా వివరిస్తున్నారో తెలుస్తుంది.

ఆమె క్షయకు రిఫాంపిసిన్ వాడుతుంటే తప్పక చెప్పాలి, ఆ మందు ఇంప్లాంట్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. సంతకం చేస్తే ఒక ప్రతి ఇంటికి తెచ్చుకోవాలి. అందులో ఎథిక్స్ కమిటీ (పరీక్షలో పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే సంఘం) ఫోన్ నంబరు, సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) నమోదు సంఖ్య ఉన్నాయో లేదో మీరే చూడండి.