నాన్నే ఆట నడిపిస్తున్నప్పుడు కొడుకు ఎవరికి చెప్పుకోవాలి?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటున్నాం. నా వయసు 41. మా వారు, ఆయన ఆఫీసు స్నేహితులు నలుగురు మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం రాత్రి మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, తలా ఒక పాత్ర తీసుకుని పాచికలు వేస్తూ కథ నడుపుకునే ఆట ఆడుతున్నారు. ఆటను నడిపించేది మా వారే. నిరుడు వేసవిలో, 14 ఏళ్ళు నిండుతున్న మా అబ్బాయిని కూడా చేర్చుకున్నారు. వాడు ఎంతో ఇష్టంగా పెంచుకున్న విలుకాడి పాత్ర నెల క్రితం ఒక గుహలో ట్రోల్ అనే రాక్షసుడి చేతిలో చనిపోయింది. పడిపోయి ఉన్నవాణ్ణి రాక్షసుడు మళ్ళీ కొట్టాడట. మా వాడు ఆ పాత్ర వివరాలు రాసుకున్న కాగితం చింపేసి గదిలోకి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి తండ్రితో మాటల్లేవు. "పాచికలు అలా పడ్డాయి, నేనేం చేయను" అంటారు మా వారు. రాజమండ్రి నుంచి వచ్చి ఉన్న మా అత్తగారితో వాడు "నాన్న నన్ను చంపేశారు నానమ్మా" అన్నాడు. ఆవిడ హడలిపోయారు. ఇంట్లో పాచికలు, దయ్యాల బొమ్మలు అరిష్టమనీ, అన్నీ బయట పారేయమనీ పట్టుబడుతున్నారు. వచ్చినవారికి పకోడీలు, టీలు అందిస్తూ అర్ధరాత్రి దాకా మేలుకునేదాన్ని నేను. ఈ ఆట మాన్పించమంటారా?

జవాబు: మాన్పించవద్దు. ఇప్పుడు ఆ పుస్తకాలనూ పాచికలనూ అటకెక్కిస్తే మీ అబ్బాయి మనసులో తనకు అన్యాయం జరిగిందన్న భావం అలాగే ఉండిపోతుంది. దానికి తోడు, తన వల్ల ఇంట్లో అందరికీ ఆట పోయిందన్న నింద కూడా వాడి నెత్తిన పడుతుంది. తండ్రీకొడుకుల మధ్య ఆగిపోయిన మాట ముందు కదలాలి. ఆ తర్వాత ఆట ఎవరు నడపాలి, ఎంతసేపు సాగాలి అన్నది తేల్చుకోవచ్చు.

"పాచికలు అలా పడ్డాయి" అన్న మాట దగ్గర కాస్త ఆగుదాం, ఎందుకంటే అబ్బాయి కోపానికి మూలం అక్కడే ఉంది. ఈ ఆట తెలియనివారికి ఆ మాట తిరుగులేనిదిగా వినిపిస్తుంది. ఆడేవారికి అది సగమే నిజమని తెలుసు. 2014లో వచ్చిన అయిదో ఎడిషన్ నియమాల ప్రకారం, హిట్ పాయింట్లు, అంటే పాత్రలో మిగిలిన ప్రాణశక్తిని చూపే అంకె, సున్నాకు చేరిన పాత్ర సాధారణంగా వెంటనే చనిపోదు, స్పృహ తప్పి పడిపోతుంది. ఆ తర్వాత తన వంతు వచ్చినప్పుడల్లా ఆటగాడు ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. 10 గానీ అంతకు మించి గానీ పడితే ఒక గెలుపు, తక్కువ పడితే ఒక ఓటమి. మూడు గెలుపులు ముందు వస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములు ముందు వస్తే పోతుంది. అంతవరకూ అది పాచికల లెక్కే. అయితే అలా పడి ఉన్న పాత్రకు శత్రువు పక్కనే నిలబడి కొట్టిన దెబ్బ తగిలితే, ఆ ఒక్క దెబ్బకే రెండు ఓటములు చేరతాయి. ఆ దెబ్బ కొట్టాలా, లేక ఇంకా నిలబడి పోరాడుతున్న మిగతావారి మీదికి తిరగాలా అన్నది ఏ పాచికా చెప్పదు. రాక్షసుడి తరఫున ఆలోచించే వ్యక్తి, అంటే డంజన్ మాస్టర్‌గా కూర్చున్న మీ వారు, దాన్ని నిర్ణయించారు. పడిపోయినవాణ్ణి రాక్షసుడు గుహ లోపలికి ఈడ్చుకుపోయి బందీగా ఉంచాడని చెప్పినా ఎవరూ కాదనేవారు కాదు. మీ అబ్బాయికి ఈ నియమాలన్నీ కంఠతా వచ్చి ఉంటాయి. అందుకే వాడు నానమ్మతో అన్న మాటలో పసితనమేమీ లేదు. జరిగినదాన్ని పెద్దవాళ్ళకంటే కచ్చితంగా చెప్పాడు.

ఇలా అంటున్నానని మీ వారు కక్షతో చేశారని అనుకోకండి. తండ్రి పాఠం చెప్పే తరగతిలో చదువుకున్న మాస్టారి కొడుకును ఎవరినైనా అడగండి, బెత్తం దెబ్బ అందరికంటే ముందు తనకే పడేదని చెబుతాడు. సొంత బిడ్డను వెనకేసుకొచ్చాడన్న మాట పడకూడదని తండ్రి బిగుసుకుపోతాడు, ఆ బిగువు బిడ్డకు తగులుతుంది. నలుగురు స్నేహితులు చూస్తుండగా కొడుకు పాత్రను వదిలిపెడితే పక్షపాతం అనుకుంటారని మీ వారికి అనిపించి ఉండవచ్చు. ఆయన న్యాయంగా ఉండాలనే ప్రయత్నించారు. కానీ ఆ న్యాయానికి మూల్యం చెల్లించినవాడు ఆ బల్ల చుట్టూ ఉన్నవారందరిలోనూ చిన్నవాడు.

మీ ఉత్తరంలో వయసు తప్ప అబ్బాయి గురించి పెద్దగా రాయలేదు కాబట్టి కొంత ఊహించి చెబుతున్నాను. పద్నాలుగేళ్ళ పిల్లవాడు తండ్రితో గంటలకొద్దీ కూర్చునే సందర్భాలు మన ఇళ్ళలో చాలా తక్కువ. ఉన్నవాటిలో సగం మార్కుల గురించి, మిగతా సగం ఫోను గురించి. ఈ ఆటలో మాత్రం వాడి మాటకు విలువ ఉండేది. "ఇప్పుడు నువ్వేం చేస్తావు?" అని తండ్రి వాణ్ణి అడిగేవాడు, జవాబు కోసం నలుగురు పెద్దవాళ్ళు ఆగేవారు. తెలివి చూపిస్తే మెచ్చుకునేవారు. ఆ గౌరవమంతా విలుకాడి పాత్ర ద్వారా వాడికి దక్కింది. అది పోయిన రోజున ఒక కాగితం మాత్రమే పోలేదని వాడికి తెలుసు, చెప్పడానికి మాటలు లేక చింపేశాడు. "ఆటే కదరా, ఇంకొకటి తయారు చేసుకో" అని మీరు గానీ ఆయన గానీ ఇప్పటికే అని ఉంటే, దయచేసి ఇక అనకండి.

మీ వారు చేయవలసినది ఒక్కటే, కానీ అది ఆయనకు కష్టంగానే ఉంటుంది. ఆట బల్ల దగ్గర కాకుండా, స్నేహితులు లేని సమయంలో, మీరు కూడా లేని చోట, కారులోనో నడకలోనో అబ్బాయితో ఒంటరిగా మాట్లాడాలి. తల్లిదండ్రులకు ఎదురుగా కూర్చుని మాట్లాడటం ఈ వయసువారికి ఇబ్బంది. పక్కపక్కన ఉంటే నోరు సులువుగా పెగులుతుంది. ఆ మాటల్లో పాచికల ప్రస్తావన రాకూడదు. "ఆ రెండో దెబ్బ కొట్టించాలని నిర్ణయించింది నేనే. నీ పక్షం వహించానని వాళ్ళు అనుకుంటారేమోనన్న ఆలోచనతో నీ సంగతి చూడలేదు. అది తప్పు" అని ఆయన చెప్పగలిగితే చాలు, అక్కడ ఆగిపోవాలి. "కానీ నువ్వు కూడా ముందుకు దూకకుండా ఉండాల్సింది" అన్న వాక్యం ఆ వెనకే నాలుక చివరికి వస్తుంది. దాన్ని మింగేయమనండి. ఆ ఒక్క వాక్యంతో ముందు చెప్పినదంతా కొట్టుకుపోతుంది. అబ్బాయి వెంటనే కరిగిపోకపోవచ్చు, "సరే" అని ముక్తసరిగా అని ఫోను చూసుకోవచ్చు. అయినా విన్నాడనే అనుకోవాలి. మీ వారికి ఈ జవాబును యథాతథంగా చూపించండి, నా మాటను మీ నోటితో చెప్పవద్దు.

చనిపోయిన పాత్రను బతికించవచ్చు కదా అని మీ ఇద్దరిలో ఎవరికైనా తోచే ఉంటుంది. ఆ ఆటలో దానికి దారులున్నాయి. చనిపోయిన పది రోజుల్లోపు వజ్రం ఖర్చు చేసి ప్రాణం పోసే మంత్రం ఒకటి ఉంది. ఆ రోజులు కథలోని రోజులే కాబట్టి, కథ అక్కడే ఆగి ఉంటే గడువు ఇంకా దాటిపోలేదు. మిగిలిన నాలుగు పాత్రలూ తమ సహచరుడి కోసం ఆ వజ్రాన్నీ, మంత్రం తెలిసినవారినీ వెతుక్కుంటూ బయలుదేరడం మంచి కథ కూడా అవుతుంది. అయితే ఇది తండ్రి లంచంలాగా ఇచ్చేది కాకూడదు, ఆ సంభాషణ జరగకముందు ఇవ్వకూడదు. మాట్లాడుకున్న తర్వాత అబ్బాయినే అడగాలి. వాడు వద్దనవచ్చు, ఆ విలుకాడి తమ్ముడినో శిష్యుణ్ణో కొత్త పాత్రగా తయారు చేసుకుంటాననవచ్చు, అసలు ఇక ఆడననవచ్చు. మూడింటిలో ఏది చెప్పినా ఒప్పుకోవాలి.

ఇక్కడ మీ గురించి ఒక మాట. మీ ఉత్తరం చదువుతుంటే భర్త మాట కొడుక్కీ, కొడుకు అలక భర్తకూ, అత్తగారి భయం ఇద్దరికీ మీరే మోస్తున్నట్టు కనిపిస్తోంది. రాయబారం మానేయండి. "నాన్నను అడుగు", "వాడితోనే చెప్పండి" అన్న రెండు మాటలు అలవాటు చేసుకోండి. మధ్యలో మోసేవారు ఉన్నంతకాలం ఆ ఇద్దరికీ ఎదురుపడవలసిన అవసరం రాదు. ఇక అర్ధరాత్రి దాకా పకోడీలు వేయడాన్ని మీరు ఫిర్యాదుగా కూడా రాయలేదు, ఒక వాక్యంలో చెప్పి దాటేశారు. నేను దాటేయలేను. వచ్చిన నలుగురూ తలా ఒకటి తెచ్చుకునే పద్ధతి ఈ ఆట ఆడే బృందాల్లో మామూలే, చాలాచోట్ల నడిపించేవారికి మిగతావారే భోజనం పెడతారు. ఈ శుక్రవారం నుంచి మీరు పదింటికి పడుకోండి. ఎవరూ ఆకలితో చనిపోరు.

ఆట విషయానికి వస్తే, తండ్రి నడిపించే బల్ల దగ్గర కొడుకు ఆడటం తప్పేమీ కాదు, ఎన్నో కుటుంబాలు చక్కగా ఆడుకుంటున్నాయి. కానీ మీ ఇంట్లో కొంతకాలం డంజన్ మాస్టర్ మారితే మంచిది. నలుగురు స్నేహితులలో ఒకరు చిన్న సాహసకథ ఒకటి నడిపిస్తే, మీ వారు మామూలు ఆటగాడిగా కొడుకు పక్కన కూర్చుని, వాడితో కలిసి అదే రాక్షసుణ్ణి ఎదుర్కొంటారు. తండ్రి పాత్రను కొడుకు పాత్ర కాపాడే సందర్భం ఎలాగూ వస్తుంది. ఆ రోజు మీరు బోధించాలనుకున్నవన్నీ ఎవరూ బోధించకుండానే వాడికి అర్థమవుతాయి.

కొత్త కథ మొదలుపెట్టే ముందు ఈ ఆటగాళ్ళు సెషన్ జీరో అనే సమావేశం జరుపుకుంటారు. ఆ రోజు ఆట ఉండదు. కథ ఎలా ఉండాలి, పాత్రలు చనిపోవచ్చా, ఏ విషయాలు అసలు రాకూడదు అన్నవి మాట్లాడుకుంటారు. మీ ఇంట్లో అబ్బాయి చేరినప్పుడు ఇది జరిగి ఉండదని నా అనుమానం, ఎందుకంటే అప్పటికే నడుస్తున్న పెద్దవాళ్ళ ఆటలోకి వాణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. ఈసారి జరపండి, అందులో వాడి మాటకు కూడా సమానమైన బరువు ఉండాలి. పిల్లవాడు ఉన్న బల్ల మీద బీరు సీసాలు, బూతు జోకులు ఉంటాయా, ఆట ఎన్ని గంటలకు ముగుస్తుంది అన్నవి కూడా అప్పుడే తేలాలి. కొన్ని బృందాలు బల్ల మధ్యలో ఇంటూ గుర్తు వేసిన కార్డు ఒకటి ఉంచుతాయి. ఎవరికైనా కథలో నడుస్తున్నది భరించలేనిదిగా అనిపిస్తే ఆ కార్డును తాకుతారు. కారణం అడగకుండా నడిపించే వ్యక్తి ఆ ఘట్టాన్ని పక్కన పెట్టి ముందుకు సాగుతారు. మీ వారు దీన్ని చూసి నవ్వవచ్చు. నెల రోజుల మౌనంతో పోలిస్తే అది చాలా చవకైన ఏర్పాటని చెప్పండి. అబ్బాయికి తన వయసు పిల్లలతో ఆడుకునే వీలు కూడా ఉండాలి. అమెరికాలో చాలా పబ్లిక్ లైబ్రరీలు, బడులు ఈ ఆటకు క్లబ్బులు నడుపుతున్నాయి, మీ ఊరి లైబ్రరీలో అడిగి చూడండి.

మీ అత్తగారి భయాన్ని చాదస్తమని తోసిపుచ్చకండి. పాచికలంటే ఆవిడకు గుర్తొచ్చేది శకుని. రాజ్యాన్నీ భార్యనూ పోగొట్టిన ఆట మనవడి చేతిలో కనిపిస్తే ఏ నానమ్మ అయినా ఉలిక్కిపడుతుంది. దానికి తోడు "నాన్న నన్ను చంపేశారు" అన్న మాట. ఆవిడకు ముందు తెలియవలసినది ఇందులో పందెం లేదని. ఆవిడ చిన్నప్పుడు సంక్రాంతి సెలవుల్లో గవ్వలు వేసి అష్టాచెమ్మా, పాచికలు వేసి వైకుంఠపాళీ ఆడే ఉంటారు, ఆ సంగతే అడగండి. దయ్యాల బొమ్మల విషయంలో ఆవిడ ఒంటరివారు కూడా కాదు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో గ్యారీ గైగాక్స్, తన సహ రూపకర్త డేవ్ ఆర్నెసన్‌తో కలిసి రూపొందించిన ఈ ఆటను 1974లో అచ్చువేసి అమ్మిన కొన్నేళ్ళకే, అమెరికాలోని ఎందరో తల్లిదండ్రులు ఇది సైతాను పూజ నేర్పుతుందని భయపడ్డారు. 1980లలో దీనికి వ్యతిరేకంగా సంఘం కూడా పెట్టారు. ఆ ఆరోపణ ఏనాడూ రుజువు కాలేదు. ఆనాడు దొంగచాటుగా ఆడిన పిల్లలు ఇప్పుడు తమ పిల్లలతో ఆడుతున్నారు. అయితే ఇదంతా ఆవిడకు మీరు చెప్పడం కంటే మనవడు చెబితే బాగుంటుంది. తన విలుకాడు ఎవరో, ఎక్కడ పుట్టాడో, గుహలోకి ఎందుకు వెళ్ళాడో నానమ్మకు మొదటి నుంచీ చెప్పమనండి. కథలు చెప్పడం ఆవిడకు తెలిసిన పని కాబట్టి వినడమూ తెలిసే ఉంటుంది, నెల రోజులుగా వాడి కథను కూర్చుని విన్నవారు ఎవరూ లేరు. దేవుడి గది పక్కన రాక్షసుల బొమ్మలు పెట్టవద్దని ఆవిడ అడిగితే మాత్రం మారుమాట లేకుండా తీసి వేరే గదిలో పెట్టండి.

చివరిగా, గమనించవలసిన సంగతి ఒకటి ఉంది. అలక తండ్రి వరకే ఉండి, వాడు తినడం, పడుకోవడం, బడికి వెళ్ళడం, స్నేహితులతో మాట్లాడటం మామూలుగానే సాగుతుంటే పైన చెప్పినవి సరిపోతాయి. అలా కాక నిద్ర పట్టడం లేదన్నా, ఇష్టమైన ఇతర పనులు కూడా వదిలేసినా, రెండు వారాలు దాటినా అదే తీరులో ఉన్నా బడిలోని కౌన్సిలర్‌తోనూ పిల్లల డాక్టరుతోనూ మాట్లాడండి. బతకాలని లేదన్న అర్థం వచ్చే మాట ఏది అన్నా ఒక్క రోజు కూడా ఆగవద్దు; అమెరికాలో ఆత్మహత్య ఆలోచనలున్నవారికి సాయం చేసే 988 నంబరుకు పగలైనా రాత్రయినా ఫోను చేయవచ్చు. వారితో మాట్లాడేటప్పుడు ఈ ఆట వల్లే ఇలా అయ్యాడని ముందే తీర్పు చెప్పకుండా, జరిగినది జరిగినట్టుగా, అంటే తండ్రి నడిపించిన ఆటలో తనకు ఎంతో ఇష్టమైన పాత్ర చనిపోయిందనీ, ఆనాటి నుంచి తండ్రితో మాట్లాడటం లేదనీ చెప్పండి.